చుక్క దించిన సాయంత్రం

కరెంటు ఇంకా రాలేదు. రాకపోతేనే మంచిది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మా ఇంటిని చీకట్లోనే ఉంచు దేవా అని వేడుకునే ముసలిది ఈ చేవెళ్ళ మొత్తంలో నేనొక్కదాన్నే అయివుంటాను. అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. ఒళ్ళో బట్టలారేసే వెదురు కర్ర. నెత్తి మీద క్రిస్మస్ చుక్క వేలాడుతోంది. గాలికి కొద్దికొద్దిగా తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా కొక్కేనికి రాసుకొని కిర్రుమంటోంది, ఆ చప్పుడు నా పళ్ళలో పడుతోంది. మధ్యాహ్నం అన్నాలవేళ పోయింది కరెంటు. ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, ఇప్పుడే రావచ్చు, ఈ మాట అనుకుంటుండగానే రావచ్చు. కొడుకు దయానందం చెల్లెల్ని తీసుకురావడానికి బస్టాండుకు పోయాడు. కోడలు రాధమ్మ గుడిలో రంగు కాగితాలు కట్టడానికి పోయింది. ఇంట్లో మిగిలింది నేను, ఈ ఇనుప చుక్క. ఒకరినొకరం కాపలా కాస్తున్నాం. బటన్ ఆర్పే ఉంది, నేనే ఆర్పాను, లేచి లేచి చూసుకున్నాను. కాని ఈ ఇంట్లో బటన్ మాటకు విలువ లేదు. "అత్తయ్యగారూ, మీ ఇంట్లో బటన్ నొక్కితే దీపం ఆరుతుంది కానీ తీగ చావదండి" అని చెప్పినవాడు, చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయినవాళ్ళ మాటలే ఎందుకో నాకు బాగా గుర్తుంటాయి. ఉన్నవాళ్ళ మాటలు పొద్దునవి సాయంత్రానికి ఉండవు.

కూతురు ఎస్తేరు వస్తోంది కదా, దుమ్ము పట్టిన చుక్క ఎందుకని, కరెంటు పోకముందు తడిగుడ్డతో దాని తోక తుడిచాను. అరుగు కింద మట్టిలో నిలబడి, ఉత్త కాళ్ళతో. కరెంటు పట్టుకుంది. చీమ కుట్టినట్టు కాదు, తేలు కుట్టినట్టు కాదు, లోపలి నుంచి ఎవరో నా చెయ్యి పట్టి గుంజినట్టు, మోచేతి దాకా, భుజం దాకా. గుడ్డ ఎక్కడ పడిందో తెలియదు. నేలమీద కూర్చుండిపోయాను. "దయానందం, చుక్క పట్టుకుంటున్నది బిడ్డా, ముట్టకు" అని అరిచాను. "బటన్ బందే ఉన్నదిగదనే అవ్వా, ఎట్ల పట్టుకుంటది?" అంటూ వచ్చాడు. వచ్చి, ఎండు చేత్తో తోకను పై నుంచి కింది దాకా నిమిరాడు, మేకపిల్లను నిమిరినట్టు. "ఏమన్న అయిందా నాకు? నీ ఫికర్‌కు కరెంటు అక్కర లేదు. నువ్వే పెద్ద తీగవు." రాధమ్మ కూడా నవ్వింది. "అత్తమ్మకు చలికి నరాలు గుంజినయేమో." వాడి కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయని చెప్పబోయాను. ఇంతలోనే కరెంటు పోయింది. "తీయ్, ఇగ కరెంటే లేదు, ఇగ దేనికి భయపడుతవో పడు" అని సైకిలు తుడుచుకోవడానికి పోయాడు. పోనీ మొత్తం ఇంటికే ఆపేద్దామంటే మెయిను బటన్ లేదు. అల్లుడు వెళ్ళిపోయాక, సమ్మె రోజుల్లో కాలిపోతే, ఆఫీసు నుంచి ఎవరూ రాకపోతే, బజారు మనిషి ఎవడో వచ్చి తీగకు తీగ ముడేసి పోయాడు. దీపాలు వెలిగాయి. అందరికీ అది చాలు. భయం నా ఒక్కదాని పని, ఇంట్లో కుండలు కడగడం ఒకరి పని అయినట్టు.

దించవచ్చు. ఇప్పుడు కరెంటు లేదు, కర్రతో కొక్కెం నుంచి లేపితే కింద పడుతుంది. నేను ఈ కర్ర తెచ్చుకున్నదే అందుకు. కాని తెచ్చుకొని ఇట్లా కూర్చున్నాను. క్రిస్మస్ నాడు చుక్క లేని ఇల్లంటే మావాళ్ళలో చావు ఇల్లు. సందు మొగలో నిలబడి చూస్తే మావాళ్ళ ఇళ్ళన్నిటి ముందు చుక్కలుంటాయి, ఒక ఇంటి ముందు లేదంటే ఆ ఏడు ఆ ఇంట్లో ఎవరో పోయారని తెలిసిపోతుంది, అడగనక్కర లేదు. మా ఇంటి ముందు చుక్క లేనిది పౌలు పోయిన ఏడే. పౌలు నా పెనిమిటి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనే కట్టేవాడు, వెదురు బద్దలతో, గాలిపటాల కాగితంతో, లోపల మొదట్లో నూనె దీపం, తరవాత ఊళ్ళోకి కరెంటు వచ్చాక బల్బు. మంచుకు కాగితం తడిసి, కొత్త సంవత్సరం వచ్చేసరికి చినిగి వేలాడేది. "చినగనీ, వచ్చే ఏడు మళ్ళ కడత, నాకేం పని" అనేవాడు. వెదురు ఎవరినీ పట్టుకోలేదు. కాగితం ఎవరినీ పట్టుకోలేదు. ఈ ఏడు దయానందం కమ్మరి దగ్గర కూర్చొని ఇనుప చువ్వలు వంపించాడు, అంచులకు రేకు కొట్టించాడు, రేకునే కత్తిరించి పొడుగాటి తోక పెట్టించాడు. ఆఫీసు నుంచి రావడం, కమ్మరి దగ్గరికి పోవడం. ఇంట్లో ఎవరితోనూ మాట లేదు. ఒకనాడు భుజం మీద మోసుకొచ్చి అరుగు మీద పెట్టి, చాలాసేపు దాన్ని చూసి, "ఇది చినగదు అవ్వా. ఎస్తేరు సందు మొగలకెల్లే చూడాలె" అన్నాడు. చెల్లెలికి వాడు చెప్పదలచుకున్నదంతా అదే. జూను నుంచి నోట్లో పెట్టుకొని తిరుగుతున్న మాట ఇనుముతో చేయించాడు. దాన్ని నేను కర్రతో పొడిచి కింద పడేయాలి.

చేతి మీద తోలు ఇంకా మండుతున్నట్టే ఉంది. పుర్రె బొమ్మ గుర్తొస్తోంది. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. నలభై దాటాక, ఎస్తేరు పలక మీద దిద్దుకుంటుంటే ఎదురుగా కూర్చొని తలకిందులుగా నేర్చుకున్నాను. ఆ తరవాత కోమటి కొట్టు నుంచి వచ్చిన పొట్లాలు. బెల్లం పొట్లం విప్పితే ఒక వార్త, చింతపండు పొట్లంలో ఒక కథ సగం. పొట్లం ఎక్కడ చినిగితే అక్కడ మనుషులు ఆగిపోయేవాళ్ళు, పడవ ఎక్కినవాడు దిగేవాడు కాదు, తలుపు తీసినామె ఎవరొచ్చారో చూసేది కాదు. మిగతాది నేనే అనుకునేదాన్ని, ఎప్పుడూ చెడ్డగానే అనుకునేదాన్ని. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర రేకు మీద పుర్రె, దాని కింద అక్షరాలు, కూడబలుక్కొని చదివాను, అ పా య ము. చదవగలిగానన్న సంతోషం ముందు కలిగింది. అపాయమని తరవాత తెలిసింది. ఆ పుర్రె అక్కడ స్తంభానికే ఉంటుందనుకున్నాను. మన ఇంటి గోడకు దాన్ని ఎవరూ కొట్టరు కదా. కొట్టి ఉంటే ఈ ఇంట్లో ఏ గోడకు కొట్టాలో గిద్యోను చూపించేవాడు.

గిద్యోను నా అల్లుడు. తెనాలి వైపు మనిషి. కరెంటు ఆఫీసులో ఉద్యోగం మీద చేవెళ్ళకు వచ్చి మా ముందరి గదిలో కిరాయికి దిగాడు, ఆదివారం గుడిలో మా వెనక బల్ల మీద కూర్చునేవాడు, ఎస్తేరును అడిగి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక కూడా అదే గదిలో ఉండి నాకు కిరాయి ఇయ్యబోతే నేను తిట్టాను. మాటకు ముందు అండి, మాటకు వెనక అండి. దయానందం ఎగతాళి చేసేవాడు, "బావా, కుక్కను గూడ అండీ అంటవా?" అని. "కరిచే కుక్కనైతే అంటానండి బావగారూ" అనేవాడు ఆయన, ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఈ అరుగు మీదే. మే నెల చివర గాలివాన వచ్చింది. వెనకింటి అంతయ్య బర్రెను వసారా ఇనుప కంబానికి కట్టేశాడు. తెల్లారి అది కాళ్ళు చాపి పడి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. పాము అన్నారు. గాలి సోకిందన్నారు. అంతయ్య ఏడుస్తూ దాని మెడ తాడు విప్పబోతే గిద్యోను పరుగెత్తుకొచ్చి ఆయన్ను రెక్క పట్టి వెనక్కి లాగాడు. ఆ ఒక్కసారి అండి అనలేదు. "ముట్టుకోకు!" తరవాత కంబం పైకి చూపించాడు. వసారా దీపం తీగ తోలు ఊడి కంబానికి ఆనుకొని ఉంది. ఆరోజు సాయంత్రమే మా ఇల్లంతా తిరిగి చూశాడు, చెక్క పట్టీల మీద పోయే తీగలను వేలితో వెంబడిస్తూ, మందుల చీటీ చదివినట్టు. రెండే తీగలు, వచ్చేది ఒకటి, పోయేది ఒకటి. పైగా బటన్ వచ్చే తీగకు కాక పోయే తీగకు పెట్టారు. "ఇనుముకి కరెంటు తగిలితే భూమిలోకి పోవడానికి మూడో తీగ ఉండాలి అత్తయ్యగారూ. ఆ దారి లేకపోతే అది మనిషిని దారి చేసుకుంటుందండి." ఆ మాట విన్న రాత్రి నా పాదాలు నాకే కొత్తగా కనిపించాయి. పుట్టిన దగ్గర్నుంచి ఉత్త కాళ్ళతో నేల తొక్కుతున్నాను. నేలకూ నాకూ మధ్య ఏమీ లేదని సంతోషపడ్డదాన్నే.

మర్నాడే పెరట్లో గుంట మొదలుపెట్టాడు, బావి పక్కన చెమ్మ ఉన్నచోట. మనిషంత లోతు తవ్వాలట, అందులో ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస పోయాలట, పైపు నుంచి ఇంటి ఇనుములన్నిటికీ రాగి తీగ. ఊరి ఆడవాళ్ళు గోడ మీద నుంచి చూసి నవ్వారు. వెనకింటి జంగమ్మ, అంతయ్య పెండ్లాం, బర్రె పోయిన దుఃఖంలో కూడా ఊరుకోలేదు. "ఏం సారక్కా, అల్లుడు ఉప్పు పోసి ఎవలను పాతిపెడుతడు? మామిడికాయలు గిట్ల ఊరేస్తున్నడా?" నేను మూటెడు కల్లుప్పు తెప్పించాను. పొయ్యిలో బొగ్గు ఆర్పి గంపలో జమచేశాను. ఎస్తేరు కడుపుతో నిండుగా ఉంది అప్పటికే, గుంట ఒడ్డున కూర్చొని ఆయనకు చెంబుతో మంచినీళ్ళు అందించేది. దయానందం కూడా ఒకనాడు గడ్డపార పట్టాడు. అది గుర్తుంది. బనీను మీద, ఒళ్ళంతా ఎర్రమట్టితో, బావా బామ్మర్దులు ఇద్దరూ. ఏది ఎట్లా పోయినా అది జరిగింది, అది అబద్ధం కాదు.

తరవాత జూను. తరవాత అంటాను గాని ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే అన్న ముల్కీ గొడవతో అప్పటికే అంతా రగులుతూనే ఉంది, బళ్ళు మూశారు, బస్సుల మీద రాళ్ళు, పట్నంలో కాల్పులు, పొట్లాల కాగితాల్లో చచ్చిపోయిన పిల్లల పేర్లు. దయానందం తాలూకా ఆఫీసులో గుమాస్తా. వాడికి రావలసిన కుర్చీలో కోస్తా నుంచి వచ్చిన మనిషి కూర్చున్నాడు. అదీ అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చొని తినకుండా లేచిపోయిన కొడుకును నేను చూశాను. ఉద్యోగులంతా సమ్మె కట్టిన రోజుల్లో వాడి గొంతు కూడా ఊరేగింపులో విన్నాను, బొంగురుపోయి, నాకు తెలియని మనిషి గొంతులా. "కోపం బావ మీద కాదే అవ్వా, ఆ కుర్చీ మీద" అనేవాడు. కాని కుర్చీ దూరంగా ఉంటుంది, బావ ఇంట్లో ఉంటాడు. ఒక పొద్దున తలుపు తీసేసరికి మా గోడ మీద తారుతో రాసి ఉంది. నాన్ ముల్కీ గో బ్యాక్. తెలుగు అక్షరాలే. ఇక్కడివాడు కానివాడా వెళ్ళిపో అని. కూడబలుక్కోకుండా, ఆగకుండా, ఒక్కసారే చదివాను. చదువు రాకపోయినా బాగుండేదని మొట్టమొదటిసారి అనుకున్నాను. రాసిన పిల్లలు ఇంకా సందులోనే ఉన్నారు, చేతులకు తారు. దయానందం గడపలో నిలబడి ఉన్నాడు. "నీ ఇంటి గోడ గదనే అన్నా" అంది ఎస్తేరు. "నేనేం జెయ్యాలె? పొద్దుగాల లేస్తే వాళ్లతోనే తిరుగుతున్న. ఏ మొకం పెట్టుకొని ఆపాలె?" అన్నాడు. గుంటలో ఉన్న గిద్యోనుకు ఇదంతా వినిపించింది. నడుము దాకా మట్టిలో ఉన్నాడు. గడ్డపార ఒడ్డుకు ఆనించి, పైకి ఎక్కి, చేతులు కడుక్కున్నాడు. "అత్తయ్యగారూ, ఉప్పు మూట చెమ్మ తగలకుండా లోపల పెట్టండి" అన్నాడు. అంతే.

ఇద్దరూ తెనాలికి బయల్దేరారు, బస్సులు లేవు. యాదయ్య ఎడ్లబండి మాట్లాడి మొయినాబాదు దాకా అన్నారు, అక్కడి నుంచి ఏదో దొరుకుతుందని. ఎస్తేరు బండి ఎక్కుతుంటే మడమలు చూశాను. పగిలిన మడమలు, అప్పుడే కడిగినవి, ఎక్కేటప్పుడు మళ్ళీ దుమ్ము. వెళ్ళిపోయేవాళ్ళ ముఖాలు నాకు గుర్తుండవు, మడమలే గుర్తుంటాయి. మా అమ్మవి గత్తర జబ్బు వచ్చిన ఏడు, పిల్లల్ని పొలాల్లో గుడిసెల్లోకి తోలి తను రోగిష్టి అత్త దగ్గరికి వెనక్కి నడిచిపోయింది. వరిమడి గట్టు మీద తెల్లని మడమలు, ఒకటి తరవాత ఒకటి. పౌలువి వికారాబాదు దవాఖానకు పోయేటప్పుడు చెప్పుల్లోంచి సగం బయటికొచ్చి, ఆయన మనిషి చిక్కిపోతే చెప్పులు పెద్దవైపోయాయి. "దీపం పెద్దగ పెట్టకు, నూనె దండుగ, నేనొచ్చేదాక" అన్నాడు. ఎన్ని దీపాలు పెట్టానో. మనుషులు ఎప్పుడూ వెనక నుంచే పోతారు. గిద్యోనువి మట్టి మడమలు. చేతులు కడుక్కున్నాడు గాని కాళ్ళు కడుక్కోలేదు. మా ఇంటి మట్టి ఆయనతో తెనాలి దాకా పోయింది.

గుంట అట్లాగే ఉంది. వానలన్నీ అందులోనే పడ్డాయి. దయానందం దాని మీద నాపరాయి పరిచాడు. పూడుస్త, పూడుస్త అంటాడు, పార తీస్తాడు, మళ్ళీ గోడకు ఆనిస్తాడు. నేను రెండుమూడుసార్లు నోరు తెరిచాను, వేరే ఎవరినైనా పిలిచి పైపు నిలబెట్టించమని. "గాయన పైపు మనకెందుకు? ఇన్నేండ్లు రెండు తీగలతోనే బతకలేదా?" బతికాం. అంతయ్య బర్రె కూడా చచ్చే పొద్దు దాకా బతికింది.

ఎండ గోడ దాటింది. సందులో ఎవరో చుక్కకు బల్బు పెట్టి చూసుకుంటున్నారు, కరెంటు లేకపోయినా. ఎస్తేరు బస్సు దిగి ఉంటుందా. దిగి వస్తే ఏం చేస్తుందో నాకు తెలుసు. అది నడక నేర్చిన దగ్గర్నుంచి చేసేదే. ఎక్కడి నుంచి వచ్చినా గేటు పక్క గోలెంలోంచి చెంబుతో నీళ్ళు ముంచి కాళ్ళు చేతులు కడుక్కొని గాని మా ఇంట్లో ఎవరూ అరుగు ఎక్కరు, అది పౌలు పెట్టిన నియమం. కడుక్కొని, అరుగు ఎక్కకముందే, తడి చేత్తో చుక్క తోక పట్టుకొని "వచ్చిన!" అని ఊపుతుంది. కాగితపు తోకలు ఎన్ని ఊడిపోయాయో. పౌలు నవ్వేవాడు, "ఇంటికొచ్చి అవ్వకు చెప్పదు, బాపుకు చెప్పదు, చుక్కకు చెప్తది." తడి చేతులు, తడి కాళ్ళు, కింద మట్టి, పైన ఇనుము. చంకలో ఈసారి పాలుతాగే బిడ్డ. నేను ఇంకా చూడని బిడ్డ. చెప్పవచ్చు, ముట్టకే అని అరవవచ్చు, పొద్దున్నుంచీ అరిచాను, ఎవరు విన్నారు. ఈ ఇంట్లో నా అరుపు గాలికి తలుపు కొట్టుకున్నట్టు. నెలలు మోసిన కోపం దిగుతున్న వేళ, అన్న చేయించిన చుక్క చూసి అది పరుగెత్తుకొస్తుంటే, ముసలి తల్లి ముట్టకు అంటే ఆగుతుందా. ముందు చెయ్యి వేస్తుంది, తరవాత వింటుంది.

దూరంగా బస్సు హారను. మొయినాబాదు వైపు నుంచి. నా గుండె చప్పుడు కర్రలోకి దిగింది. లేచాను. గోడ పట్టుకోబోయి మానుకున్నాను, గోడలో కూడా తీగలే. అరుగు చివర నిలబడి కర్ర ఎత్తాను. కర్ర ఎండుదేనా, ఎండుదే, పొద్దున్నుంచీ ఎండలోనే ఉంది. ఇప్పుడు కరెంటు వస్తే. వెదురు ఎవరినీ పట్టుకోలేదు. పౌలు వెదురు. కొక్కెం కిందికి కర్ర కొస పోనిచ్చి లేపాను. బరువు. కొడుకు మనసంత బరువు, కదలలేదు. మళ్ళీ లేపాను. ఒక్కసారిగా వదిలింది, కర్ర మీద నుంచి జారి బండల మీద పడ్డ చప్పుడుకు వెనకింటి కోళ్ళు లేచాయి. రెండు కోణాలు వంగిపోయాయి. ఎర్ర కాగితం చీలి లోపలి బల్బు పగిలింది. తీగ మాత్రం తెగలేదు, పైనుంచి చుక్క దాకా సాగి అట్లాగే ఉంది, ఒక కోణం మా వసారా ఇనుప కంబానికి ఆనుకొని. దాన్ని కూడా జరపాలనుకున్నాను. కర్ర కొస ఇనుము మీద నిలవక జారిపోయింది. కూర్చుండిపోయాను. మా ఇంటి ముందు చుక్క లేదు. ఈ ఏడు మా ఇంట్లో ఎవరూ పోలేదు గాని చుక్క లేదు.

ముందు అడుగుల చప్పుడు వినిపించింది, పరుగు. సందు మలుపు నుంచే పరుగు. గేటు దబ్బున తెరుచుకుంది. గోలెం దగ్గర ఆగలేదు, కాళ్ళు కడగలేదు, దుమ్ము కాళ్ళతో నేరుగా అరుగెక్కి నా మీద పడింది ఎస్తేరు, మధ్యలో బిడ్డ నలిగి కేరుమంది. "అవ్వా, అవ్వా, ఉన్నవా, నువ్వున్నవా" అని నా ముఖం, భుజాలు తడుముతోంది. "సందు మొగల నిలబడి చూసిన. అన్ని ఇండ్లకు చుక్కలున్నయి, మనింటికి లేదు. అన్న బస్టాండ్ల నోరు మెదపలే. నువ్వు పోయినవనుకున్ననే. నాకు చెప్పలేక తీస్కొస్తున్నడనుకున్న." దాని వీపు నిమిరాను. ఉన్న బిడ్డా అన్నాను. దాని భయంలో నేను చచ్చి లేచినట్టయింది.

దయానందం వెనక ట్రంకుపెట్టెతో వచ్చాడు. నన్ను చూసి ఒక్క ఊపిరి వదిలాడు, తరవాత చుక్కను చూశాడు. ముఖం నల్లబడింది. కోపమొచ్చినా దుఃఖమొచ్చినా కాళ్ళు కడుక్కోకుండా గడప ఎక్కడు, వాళ్ళ బాపు అలవాటు. చెప్పులు విడిచాడు. గోలెంలోంచి చెంబు ముంచి కాళ్ళ మీద పోసుకున్నాడు, ముఖం కడుక్కున్నాడు, మళ్ళీ పోసుకున్నాడు, ఏడుస్తున్న కళ్ళు కనబడకుండా ఉండాలని. అప్పుడు వచ్చాడు. "ఎందుకే అవ్వా? ఒక్కటి చేసిన. ఈ ఏడంత ఒక్క మంచి పని చేసిన. గది గూడ ఉంచవా?" అంటూ నీళ్ళు కారుతున్న చేతులతో చుక్క మీదికి వంగాడు. నాకు మాట రాలేదు. కర్ర వచ్చింది. వాడి చేతి మీద కొట్టాను, చిన్నప్పుడు కూడా అంత గట్టిగా కొట్టలేదు. "కొడుతున్నవా నన్ను?" అని వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటుండగా సందంతా ఒక్కసారి వెలిగింది. ఇంటింటి చుక్కలూ ఎర్రగా, పచ్చగా. పిల్లలు ఓ అని అరిచారు. మా అరుగు మీద చీకటి. ఆ చీకట్లో, చుక్క కోణం కంబానికి ఆనిన చోట, చిర్రుమని నీలిరంగు మెరుపు, చిన్నది, అగ్గిపుల్ల గీసినంత, మళ్ళీ చిర్రు, మళ్ళీ. తగరం కాలిన వాసన. బటన్ ఆర్పే ఉంది. అది అందరికీ కనిపిస్తూనే ఉంది.

వాడు తన తడి చేతులను చూసుకున్నాడు. తడి కాళ్ళను చూసుకున్నాడు. వెనక్కి నడిచి చెప్పులు వేసుకొని, చేతులు చొక్కాకు తుడుచుకొని, నా చేతిలోంచి కర్ర తీసుకొని, చుక్కను కంబం నుంచి మెల్లగా పక్కకు జరిపాడు, పాము చచ్చిందో లేదో తెలియనప్పుడు జరిపినట్టు. తీగను కర్రకు చుట్టి గుంజాడు. తెగింది. పై ముక్క ఎవరికీ అందనంత ఎత్తులో ఊగుతోంది. "అంతయ్య బర్రె" అన్నాడు, ఎవరితోనూ కాదు. బిడ్డ నా ఒళ్ళోకి ఎప్పుడు వచ్చిందో, పాల వాసన, వెచ్చగా, పాదాలు ఇంకా నేల తాకని పాదాలు. ఎస్తేరు తన గుడ్డ సంచిలో చెయ్యి పెట్టి, బిడ్డ బట్టల కింద నుంచి బరువైనదేదో తీసి బండ మీద పెట్టింది. చుట్టగా చుట్టిన లావుపాటి రాగి తీగ. "ఆయన ఇచ్చిండు. మొయినాబాద్ల దిగిపోయిండు, దోస్తు రూముల ఈ రాత్రి ఉండి పొద్దుగాల పోతనన్నడు. ఆ గడపకు నేను రాను, తీగ తీస్కపో అన్నడు. గుంట ఉన్నదా, పూడ్చిన్రా, అడుగుమన్నడు." దయానందం తీగ వైపు చూడలేదు. "పూడ్చలే" అన్నాడు.

పాటల వాళ్ళు అప్పుడే వచ్చారు, పెట్రోమాక్సు మోసుకుంటూ, డోలు, తాళాలు. గేటు దగ్గరికి రాగానే డోలు ఆగింది. పాడబోయిన నోళ్ళు ఆగాయి. మా చీకటి అరుగు, విరిగిన చుక్క, ఒళ్ళో బిడ్డతో నేను. ముందున్న బీరయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "సారక్కా, చుక్క లేదేంది? ఎవలు పోయిన్రు?"

"ఎవలు పోలే అన్నా. అందరం ఉన్నం" అన్నాను.

"అందరం లేం" అన్నాడు దయానందం. రాగి తీగ చుట్టను తీసి, చేత్తో బరువు చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఏది ఎక్కడ కట్టాలెనో నాకు తెల్వదు. ఆయనకు తెలుసు." గోడకు ఆనించిన సైకిలు తీశాడు.

"మొయినాబాద్ దాకనా? గీ చీకట్లనా? పొద్దుగాల పో బిడ్డా."

"పొద్దుగాల బస్సుకు ఆయన ఎల్లిపోతడు అవ్వా."

"ఆయన రానంటే?" అంది ఎస్తేరు.

వాడు సైకిలు నడిపించుకుంటూ గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, "ఉప్పు ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నది అన్నాను. మూట అటక మీద ఉంది, గోనె మీద గోనె చుట్టాను, అయినా వానాకాలమంతా చెమ్మగిల్లి గోనెలు తడిసి తెల్లగా పొలుసులు కట్టాయి, ఎంత మిగిలిందో విప్పి చూడలేదు. బొగ్గు మాత్రం గంపెడు అట్లాగే ఉంది. పాటల వాళ్ళు దారి ఇచ్చారు. పెట్రోమాక్సు వెలుగు మోసేవాడి వెనక పడుతోంది, దయానందం పోయే వైపు పడలేదు. మా ఇంటి ముందు దీపం లేదు. గొలుసు చప్పుడు, ఒకసారి గంట, అంతే. నేను అలవాటు కొద్దీ మెడ చాచి వెతికాను. ఆ చీకట్లో నా కొడుకు మడమలు నాకు కనబడలేదు. కనబడనప్పుడు దాన్ని పోవడం కింద లెక్క వేయాలో వద్దో తెలియక, బిడ్డ పాదాలను రెండు చేతులతో నేలకు అందకుండా పట్టుకొని, బీరయ్య పాట ఎత్తుతాడా ఎత్తడా అని అట్లాగే కూర్చున్నాను.